లేత గులాబీ గింజలు

ఈమధ్య వంటింట్లో వెనిగర్ సీసా మూత తీసి, చేస్తున్న పని మరిచిపోయి నిలబడిపోయాను. టెక్కలి కాలేజీలో మా వృక్షశాస్త్రం మాస్టారి చేతుల దగ్గర ఎప్పుడూ అదే వాసన. పుప్పొడికి ఎర్రరంగు పట్టించే ద్రావకంలో వెనిగర్‌లో ఉండే ఆమ్లమే కలిపేవారు.

సోంపేటలో ఇంటి వెనక ఆయన ద్రాక్ష పందిరి వేసుకున్నారు. చుట్టూ కొబ్బరీ జీడీ పండించేవాళ్ళు "ద్రాక్షేటి మాస్టారూ, ఈ ఉప్పుగాలికి బతుకుద్దేటి?" అని ఆటపట్టించేవారు. నిజంగానే చాలా రకాలు చచ్చిపోయాయి. ఒక్క తీగ బతికింది. అందులో ఒక కొమ్మకు, ఎవరూ ఏమీ చేయకుండానే, మిగతా వాటికంటే పెద్ద కాయలు కాశాయి. ఆ కొమ్మ పుప్పొడి పనికొస్తే మరో రకంతో సంకరం చేసి, ఈ సముద్రతీరపు ఉద్దానం నేలకు సొంత ద్రాక్షను ఇచ్చి వెళ్ళాలని ఆయన ఆశ. రిటైరవడానికి ఏడాదే మిగిలింది.

పుప్పొడి లెక్కపెట్టే పని నాకిచ్చారు. సూక్ష్మదర్శినిలో గుండ్రంగా ఎర్రబడినవి నిండు గింజలు. ముడుచుకుపోయి రంగు పట్టనివి పొల్లు. కానీ ఎటూ కాని లేత గులాబీవే ఎక్కువ కనిపించాయి. మాస్టారి ముఖం తలచుకుని వాటన్నింటినీ ఎరుపులో వేసేశాను. లెక్క చూసి ఆయన పసివాడిలా నవ్వారు. ఆ సాయంత్రం అందరికీ జీడిపప్పు పాకం పంచారు. నా ముక్కను కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు, ఆ కొమ్మ నుంచి ముందే తీసి భద్రపరిచిన చిన్న మొగ్గల్లో కణ విభజన చూశారు. జతకట్టాల్సిన క్రోమోజోములు కొన్ని జత దొరకక మధ్యలోనే మిగిలిపోయాయి. అలాంటప్పుడు పుప్పొడి చాలావరకు పొల్లే అవుతుంది, నా లెక్కేమో నిండు అంటోంది. చాలాసేపు ఆయన కన్ను తీయలేదు. తర్వాత నా స్లైడు పెట్టారు.

"ఈ లేతవి ఎందులో ఏసినావమ్మా?"

"ఎరుపులో, మాస్టారూ. మీరు బాధపడతారని..."

"నాను బాధపడితే పొల్లు నిండుద్దేటి? సూసింది సూసినట్టు రాయి."

కోప్పడి ఉంటే బాగుండేది. పక్కనే కూర్చుని మొదటినుంచీ మళ్ళీ లెక్కపెట్టారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. కొమ్మ పుప్పొడి పనికిరాదని తేలింది. కింద సంతకం పెట్టి కలం మూసి, "ఏడవకు, బస్సు ఎల్లిపోద్ది" అన్నారు.

ఆయన పోయి చాలా కాలమైంది. నేనూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నచ్చిన ఫలితం వస్తే ఇప్పటికీ భయపడి రెండోసారి లెక్కపెడతాను. కానీ ఒక్కపూట ఆయనకు నేనిచ్చిన ఆ దొంగ సంతోషానికి మాత్రం క్షమించమని అడగనేలేదు.