ఆయుష్షుకు గింజ పెట్టలేదు

నేను చింతపండు గింజలు తీస్తున్నాను. కంప్యూటర్లో ఆట మొదలుపెడుతూ మనవరాలు అడిగింది: "అవ్వా, నా మనిషికి పది పాయింట్లు పంచాలె. బలానికెన్ని, తెలివికెన్ని, ఆయుష్షుకెన్ని?"

నేను చేతిలోని గింజల వైపు చూశాను.

చిన్నప్పుడు కోస్గిలో అక్కా నేనూ బొమ్మల పెళ్లి ఆడేవాళ్లం. మట్టి పెళ్లికొడుకుకు ఇట్లాగే పది చింతగింజలు పంచాలి. నేను బలానికి ఆరు, తెలివికి నాలుగు పెట్టాను.

"ఆయుష్షుకేదే, పిచ్చిదానా?" అంది అక్క.

"అది అందరికుంటది గద!" అన్నాను.

నా మొగుడు వడ్ల బస్తాను ఒక్కడే లేపేవాడు, ఎంత లెక్కైనా నోటితోనే చెప్పేవాడు. ముప్పై నిండకముందే పోయాడు. ఆ గింజలు పంచడం ఆటేనని నాకూ తెలుసు. అయినా ఈ గింజలు చేతికి తగిలినప్పుడల్లా అక్క మాటే వినిపిస్తుంది.

"ముందు ఆయుష్షుకు పెట్టు బిడ్డా."

"అట్లయితే ఓడిపోతడు అవ్వా!"

"ఓడనియ్యి. ఇంటికొస్తడు గద."