ద్రాక్షపందిరి మీద కేబుల్

నెట్‌వర్క్‌కు ఏడు పొరలుంటాయని రెండేళ్లు పాఠం చెప్పాను. నమ్మకుండానే చెప్పాను. మేడ్చల్ దాటాక కొత్తగా పెట్టిన ఇంజినీరింగ్ కాలేజీ అది. కంప్యూటర్ ల్యాబు చూసుకుంటూ ఆ పాఠం కూడా నేనే చెప్పేదాన్ని. అన్నిటికంటే కిందిపొర తీగ, అన్నిటికంటే పైపొర మనిషి అడిగింది అందుకుంటుంది, ఏ పొర పని దానిదే అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేదాన్ని. ఒకరోజు ఒకమ్మాయి లేచి, ఈ పొరలు ఎక్కడుంటాయి మేడం, మూత విప్పితే కనిపిస్తాయా అని అడిగింది. నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి నోరు రాక, పరీక్షలో అడిగింది రాస్తే చాలు, కూర్చోమని కసిరాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాది తాత్కాలిక ఉద్యోగం. ఆ సంగతి ఇంట్లో దాచాను. మచ్చ బొల్లారంలో మా కాలనీ నిండా కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులే. జీడిమెట్లలో పనిచేసే మా నాన్న, మా అమ్మాయిది పర్మనెంటు ఉద్యోగమని వీధి చివరిదాకా చెప్పుకున్నారు. అంతలో కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తోందన్నారు. వెనకవైపు రేకుల షెడ్డులో పెట్టిన కొత్త ల్యాబుకు మెయిన్ బిల్డింగులోని సర్వరు నుంచి ఫైళ్లు వస్తున్నట్టు చూపించాలి. చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తానని, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానని కాలేజీ నడిపే కరస్పాండెంట్ మొహం మీదే చెప్పేశాడు.

చిక్కేమిటంటే, బిల్డింగుకూ షెడ్డుకూ మధ్య ఒక అవ్వ ద్రాక్షతోట ఉంది. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోయి హద్దురాళ్లు పాతుకున్నా ఆమె అమ్మలేదు. ఆమెకూ కరస్పాండెంట్‌కూ మాటల్లేవు. నేనే వెళ్లి, మీ పందిరి మీదుగా ఒక కేబుల్ వేసుకుంటానని బతిమాలాను. ఇన్ని తీగెలు మోసే పందిరికి ఇదొక బరువా అంది. అయినా అది దేనికో చెప్పమంది. అటునుంచి ఇటు అక్షరాలు వస్తాయని, రాకపోతే నా ఉద్యోగం పోతుందని చెప్పాను. ఆమె రెండో మాటే పట్టించుకున్నట్టుంది.

పందిరి ఇనుప తీగల వెంట నీలం రంగు కేబుల్ లాగి కట్టాను. ఎండకు పాడైపోతుందని, అతితెలివి కదా, దాని చుట్టూ గోనెసంచి పేలికలు చుట్టాను.

దసరా వెళ్లాక ద్రాక్షకు కత్తిరింపులు. సరిగ్గా ఇన్‌స్పెక్షన్ రోజునే శామీర్‌పేట వైపు నుంచి కత్తిరించే ఆడవాళ్లు దిగారు. నీలం వైరు జోలికి పోవద్దని అవ్వ వాళ్లకు ముందే చెప్పింది. వాళ్లు పోలేదు. కానీ గోనె చుట్టినచోట అది కణుపుల్లేని ఎండుతీగెలా ఉంది. పందిరి మీద ఎండుతీగె కనిపిస్తే వాళ్ల కత్తెర ఆగదు.

షెడ్డులో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఇద్దరు ప్రొఫెసర్లు, కరస్పాండెంట్ నా వెనక నిలబడి ఉన్నారు. సర్వరు నుంచి ఒక పెద్ద ఫైలు తెప్పించడం మొదలుపెట్టాను. కొంత వచ్చినప్పుడల్లా తెరమీద ఒక గుర్తు పడుతుంది. వరసలు వరసలుగా పడుతూ పడుతూ సగంలో ఆగిపోయాయి. ఒక్క నిమిషం అని చెప్పి పందిరి కిందికి పరుగెత్తాను.

అవ్వ అప్పటికే తెగిన రెండు కొసలూ పట్టుకుని నిలబడి ఉంది. లోపల ఎనిమిది సన్నటి తీగలు. అందులో నాలుగు కలిస్తే చాలు. కంగారులో నాకు ఒక్కటీ కుదరడం లేదు.

"నువ్వు రంగు జెప్పు బిడ్డా, నేను మెలేస్త" అంది.

నారింజకు నారింజ, ఆకుపచ్చకు ఆకుపచ్చ అని నేను చెబుతుంటే, పైపూత పంటితో ఒలిచి, అంటు కట్టే చేతులతో నాలుగూ మెలేసింది. చుట్టడానికి టేపు లేదు. తను పట్టుకుంటానని, నన్ను ఉరకమని చెప్పింది.

అంతా మళ్లీ మొదటినుంచీ చెయ్యాల్సిందే అనుకుంటూ షెడ్డులోకి వచ్చాను. గుర్తులు ఆగినచోటే ఉన్నాయి. కీబోర్డు మీద చెయ్యి వెయ్యబోతుండగా ఒక గుర్తు పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వరస. ఆగిన దగ్గరినుంచే, ఎవరూ ఏమీ ముట్టకుండానే.

అప్పుడు అర్థమైంది. సర్వరులో ఒక పొర, తను పంపిన ప్రతి ముక్కా అందిందని జవాబు వచ్చేదాకా దాన్ని పారేయదు. జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే ఇంకాస్త ఎక్కువసేపు ఆగి మళ్లీ పంపుతుంది. నేను పందిరి కింద ఏడుపు మొహంతో నిలబడ్డంతసేపూ అది విసుగు లేకుండా అదే పని చేస్తూ ఉంది. ఫైలు అడిగిన పైపొరకు తీగ తెగిన సంగతే తెలియదు. తీగకు తను మోస్తున్నదేమిటో తెలియదు. రెండేళ్లు నోటితో చెప్పింది ఆ క్షణంలో కళ్లారా చూశాను. ఇంతటిది ఎవరు ఆలోచించారో గానీ, వాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఏమైందని ప్రొఫెసర్లలో పెద్దాయన అడిగారు. చెప్పొద్దని కరస్పాండెంట్ కళ్లతోనే సైగ చేస్తున్నాడు.

"కేబుల్ తెగిందండీ. కలిపి వచ్చాం" అన్నాను.

మరి ఫైలెందుకు చెడలేదని అడిగారు. ఏ పొర తెగిందో, ఏ పొర కాచుకుందో పుస్తకం గుర్తుకు తెచ్చుకోకుండా చెప్పాను. ఆయన తలూపి సంతకం పెట్టారు. తర్వాత టీలు, శాలువాలు, ఫొటోలు. జీపు వెళ్లిపోయాక కరస్పాండెంట్ నన్ను పిలిచి, సోమవారం ఆర్డరు తీసుకోమన్నాడు. గాల్లో తేలుతున్నట్టుంది.

అప్పటికి గంట దాటింది. అవ్వకు కూడా చెబుదామని తోటలోకి వెళ్లాను. ఆడవాళ్లు సద్దిమూటలు విప్పుకుని గట్టున కూర్చున్నారు. పందిరి కింద అవ్వ ఒక్కతే, చేతులు రెండూ పైకెత్తి, ఆ ముడి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మోచేతులు వణుకుతున్నాయి.

"ఇడిస్తె నీ నౌకరి పోతదని పట్టుకున్న బిడ్డా. ఇగ ఇడువాల్నా?"

విడిచిపెట్టమన్నాను. ఆమె వేళ్లు బిగుసుకుపోయి రాలేదు. ఒక్కొక్కటే నేను విప్పాల్సి వచ్చింది.