బావ వీపు మీది తడి

మొన్న ఎండలో బోరు దాకా సైకిల్ మీద పోయొచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే, వీపున తెల్లగా ఉప్పు చారలు కట్టాయని మా ఇంటావిడ ఒకటే సణుగుడు. ఈ వయసులో నీకు సైకిల్ ఎందుకయ్యా అంటుంది. ఆ చారలు చూసేసరికి మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క పెనిమిటి, నన్ను ఒమాన్ తీసుకుపోయిన మనిషి. రెండువేల ఎనిమిదో తొమ్మిదో, సహం అనే ఊళ్లో సముద్రం పక్కన సైట్, ఇద్దరిదీ సెంట్రింగ్ పని, ఇద్దరికీ కలిపి ఒకే పాత సైకిల్. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి అక్కకు ఫోన్ చేయడానికి బజారుకు డబుల్ సవారీ పోయేవాళ్లం. డబుల్ సవారీ అంటే ఏమిటో మన కాలం వాళ్లకు చెప్పనక్కరలేదు. జగిత్యాల వాళ్లం, ఆ సముద్రపు ఉక్కకు ఊపిరాడేది కాదు, నాలుగు తొక్కులు తొక్కేసరికే చొక్కా పిండితే నీళ్లు కారేవి. అందుకని బావ ఒక పద్ధతి పెట్టాడు: వెనక కూర్చున్నవాడు తొక్కేవాడి వీపు చూస్తుండాలి, తడి నడుము దాకా దిగగానే ఆపించాలి, నీళ్లు తాగి మనిషి మారాలి. నా వీపు సగం తడవకముందే ఆపించేవాడు. ఇదేంటంటే, వీపు చూసేది నువ్వా నేనా అని నవ్వేవాడు.

మరుసటి వేసవికి కంపెనీ మమ్మల్ని ఇబ్రి వైపు, లోపలి ఎడారికి మార్చింది. అక్కడ ఎండ నిప్పులు చెరిగినా గాలి పొడిగా ఉండేది. అచ్చం మన రోహిణీ కార్తె ఎండే, ఉక్క లేదు, చెమట లేదు అని సంబరపడ్డాం. మొదటి శుక్రవారం బావే ఎక్కి తొక్కాడు. నేను వెనక కూర్చుని బుద్ధిగా వీపు చూస్తూనే ఉన్నాను, తడి మాత్రం రాలేదు. చెమట పట్టింది పట్టినట్టే గాలికి ఆరిపోతోందని నా మట్టిబుర్రకు తట్టలేదు. తెల్ల చారలు కనబడితే సిమెంటు అంటిందనుకున్నాను. నీళ్ల సీసా నా ఒళ్లోనే ఉంది, మూత కూడా తీయలేదు. సగం దారి దాటాక సైకిల్ వంకర్లు పోయి బావ ఇసుకలో పడిపోయాడు, ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. పికప్‌లో వస్తున్న ఒమానీ ముసలాయన ఎవరో ఆపి ఆసుపత్రికి చేర్చకపోతే అక్కకు ఏ ముఖం చూపించేవాణ్ణో.

సెలైన్లు ఎక్కి తేరుకున్నాక, మర్నాడు బావ అక్కకు ఫోన్ చేసి, టైరు పంక్చరైంది, అందుకే నిన్న చేయలేదని చెప్పాడు. ఆ తర్వాత వీపు చూడడం మానేసి, పది కరెంటు స్తంభాలకొకసారి దిగి నీళ్లు తాగేవాళ్లం.

ఇప్పుడు అక్కడున్న మా ఊరివాళ్లు రూమ్‌లో పడుకునే ఇంటివాళ్ల ముఖాలు చూస్తూ మాట్లాడుతున్నారు; మంచిదే, ఫోన్ కోసం ఎవరూ ఎండలో పడి పోనక్కరలేదు. బావ కాలం చేసి నాలుగేళ్లయింది. మొన్న బోరు నుంచి వస్తుంటే సైకిల్ మరీ తేలిగ్గా అనిపించింది. ఎవరి వీపు వాళ్లకు కనబడదు కదా. "దిగు బామ్మర్దీ, ఇగ నేను తొక్కుత" అన్న ఆ మాట వెనక నుంచి వినబడుతుందేమోనని చూసి చూసి, ఇల్లు వచ్చేదాకా నేనే తొక్కాను.