బాపయ్య ఒప్పుకుంటే అంతే

బాపయ్యది ఒకటే గుణం. ఎదుటివాడు ఏమన్నా ముందు ఒప్పుకునేవాడు. పర్చూరు చుట్టుపక్కల జనం ఆయనంటే హడలిపోయింది అందుకే.

"ఒప్పుకున్నా" అని కళ్ళు మూసుకునేవాడు. గుక్కెడు మజ్జిగ తాగేవాడు. ఆ తరవాత "కానీ..." అనేవాడు. ఆ "కానీ" దాటి బతికి బట్టకట్టిన నాయకుడు ఆ చుట్టుపక్కల లేడు. వాకిట్లో ఒక మంచం, ఎరువుల బస్తాకు ఆనించిన ఫోను, అంతే ఆయన యూట్యూబు ఛానలు.

"మీ ఊరికి రోడ్డేసింది మేమేనయ్యా" అన్నాడొక నాయకుడు, కండువా సర్దుకుంటూ.

"ఒప్పుకున్నానండీ. కానీ గుంతలు కూడా తమరివేగా, వాటికి రిబ్బను కత్తిరించలేదేం?"

రెండు పార్టీలవాళ్ళూ ఆయన్ని అవతలి పార్టీ మనిషని తిట్టేవాళ్ళు. ఈ రాజకీయాల్లో ఆ రెండు పార్టీలూ కలిసి చేసిన పని అదొక్కటే. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరు చెబితే, "ఒప్పుకున్నా. కానీ ఇంకాసేపు నాతో మాట్లాడి తమరిదీ చూసుకోండి" అన్నాడట. ఆయన్ని గెలిచింది భార్య జయకుమారి ఒక్కతే. "ఒప్పుకున్నా" అనగానే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. "కానీ" గోడకు చెప్పుకోవాల్సి వచ్చేది.

జయకుమారి చెల్లెలు రాజ్యం. మొగుడు పోయాక కౌలుకు మిరప వేస్తోంది. చేలో కేకేస్తే పక్కూరి గేదెలు తలెత్తేవి. నలుగురు కూర్చున్నచోట మాత్రం ఆ గొంతు ఎటో పోయేది.

ఆ ఏడు ఊరి చివరి పోరంబోకు దిబ్బను కోల్డ్ స్టోరేజీకి ఇవ్వాలని పంచాయతీ తలపెట్టింది. సొంత నేల లేని కౌలు రైతులంతా కాయలు ఎండబోసుకునే కల్లం ఆ దిబ్బే. గ్రామసభలో ఎవరో ఒకరు లేచి కాదనాలి. కోల్డ్ స్టోరేజీ కావాలంటున్నది ఆసాములే, వాళ్ళిచ్చిన భూమి చేసే మగాళ్ళందరికీ వాళ్ళంటే భయం. "నువ్వు అడుగు" అని రాజ్యాన్ని ముందుకు తోశారు. రాజ్యానికి అన్నం సయించలేదు.

అప్పుడు ఆమె ఫోనుకు బావ వీడియో వచ్చింది. "మా మరదలికి కల్లం కావాలట! సభలో నోరు పెగలనిదానికి కల్లమెందుకు? ఆ దిబ్బ ఇచ్చెయ్యడమే న్యాయం" అంటున్నాడు బాపయ్య, మజ్జిగ తాగుతూ.

ఊరంతా చూసుంటుందని రాజ్యానికి తల కొట్టేసినట్టయింది. కాయలు కోస్తున్న చేతులతోనే వాళ్ళింటికి వచ్చిపడింది.

"ఏం బావా, తిన్నదరక్క కూశావా?"

"ఒప్పుకున్నా. కానీ కోల్డ్ స్టోరేజీ వస్తే కాయలు చెడకుండా ఉంటాయి. నీకు మంచిది కాదూ?"

"నీ మొహం మంచిది! పచ్చి కాయ అందులో పెడితే బూజు పడుతుంది. ఎండబోసే చోటు తీసేసి దాచే చోటు కడతారా?"

బాపయ్య కళ్ళు మూసుకున్నాడు. "ఒప్పుకున్నా. కానీ రోడ్డు మీద పోసుకోవచ్చుగా?"

"లారీ తొక్కినాక ఆ కారం నీకే పంపుతా, తిని చూడు!"

ఆయన ఒప్పుకుంటూనే ఉన్నాడు, ఆమె అరుస్తూనే ఉంది. చీకటి పడేసరికి జయకుమారి ఇద్దరికీ అన్నం పెట్టింది. రాజ్యం తిట్టుకుంటూనే కడుపునిండా తింది.

సభనాడు రాజ్యం లేచింది. ప్రెసిడెంటుగారి కుర్చీ వెనకే, సరిగ్గా ఆమె చూపు పడేచోట, బాపయ్య నిలబడి ఉన్నాడు. మూతి వంకరగా పెట్టి, "నీవల్ల ఏమవుతుందే" అన్నట్టు చూస్తున్నాడు. ఆ మొహం చూడగానే రాజ్యానికి ఒళ్ళు మండింది. ప్రెసిడెంటు అడిగినవాటికి బావ మొహంలోకి చూస్తూ జవాబులు చెప్పింది. బూజు గురించి చెప్పింది, లారీ గురించి చెప్పింది. వెనక నించున్న కౌలు రైతులు ఒక్కొక్కరే "అవునండీ" అనడం మొదలుపెట్టారు.

"అదంతా సరేనమ్మా, ఆ దిబ్బ నీ పేర ఉందా?" అన్నాడు ప్రెసిడెంటు చివరికి.

"ఊరి పేర ఉంది. నేను ఊళ్ళో లేనా?"

సభ గొల్లున నవ్వింది. దిబ్బ జోలికి వెళ్ళొద్దని చేతులెత్తారు. ఆసాములవి కూడా కొన్ని లేచాయి.

బయటికొచ్చాక జయకుమారి చెల్లెలి చెవిలో అంది: "పిచ్చిదానా, ఆ వీడియో ఊళ్ళో ఎవరూ చూళ్ళేదే. నీ ఒక్కదానికే పంపాడు. నువ్వొస్తావని ఆ రోజు పొద్దుటినుంచీ వాకిట్లోనే కాపు కాశాడు."

రాజ్యం గబగబా నడిచి బావను అందుకుంది.

"నాకోసమే తిట్టావా బావా?"

"ఛ! నాకు కోల్డ్ స్టోరేజీ అంటే నిజంగానే ఇష్టం" అన్నాడు బాపయ్య, ఎటో చూస్తూ.

రాజ్యం కళ్ళు మూసుకుంది. "ఒప్పుకున్నా బావా" అంది. "కానీ..."

కళ్ళు తెరిచేసరికి బాపయ్య పంచె ఎగ్గట్టి వీధి మలుపు తిరిగిపోతున్నాడు.