నానని మినప్పప్పు

ఏళ్ళ తరబడి దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. భార్యకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. జాలిపడకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది, అదీ నా మీదే.

తెలంగాణ గొడవలకు బడులు మూతపడ్డ ఏడాది అది. నారాయణగూడలో తెలుగు పంతులు వెంకటేశం ఖాళీగా ఉన్నాడు. మా కోస్తావాళ్ళని వీధుల్లో పొమ్మంటున్న ఆ రోజుల్లో కూడా అతను రోజూ అశోక్‌నగర్‌లో మా ఇంటికొచ్చేవాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, కరెంటుతో తిరిగే రుబ్బురోలు తయారుచేసి అమ్మాలని. నేను ఆఫీసు గుమాస్తాని. మిషన్ల సంగతిలో ఇద్దరికీ ఓనమాలు రావు. ఇక పిండి రుబ్బిన పాపాన ఎప్పుడూ పోలేదు.

ఇంజనీరింగు చదివిన మా బావమరిదిని కలుపుకుందామన్నాను. వెంకటేశం ఒప్పుకోలేదు.

"జర ఆగన్నా. ముందుగాల ఒకటి మనమే చేద్దాం. ఖరాబైతే అయితది. చెయ్యి పెట్టకుంటే, మనకేం గావాల్నో ఇంజనీరుకు ఎట్ల చెప్తం?"

పాత మోటారు, సైకిలు ట్యూబుతో బెల్టు, మా ఇంటి రోలు. వేళ్ళు చితక్కొట్టుకుంటూ అన్నీ తనే బిగించాడు. తిరిగింది! నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. బడిపంతులే చేసేస్తే ఇక నేనెందుకు, మా బావమరిది డిగ్రీ ఎందుకు? ఇంత నీచంగా ఆలోచించింది నేనేనా? నేనే.

కవాడిగూడలో షెడ్డు ఇస్తానన్న నూనె వ్యాపారి మిషన్ చూడ్డానికి వచ్చే రోజు, మా ఆవిడ పొద్దున్నే మినప్పప్పు నానబోసి చిక్కడపల్లిలో వాళ్ళక్కయ్య ఇంటికి వెళ్ళింది. ఆ పప్పు తీసి వీధిలో ఆవుకు పెట్టేశాను. డబ్బాలోంచి పొడి పప్పు తీసి, నీళ్ళు చల్లి, అదే గిన్నెలో పోశాను. వ్యాపారి వచ్చి కూర్చున్నాక వెంకటేశం అడిగాడు, "నానిందా అన్నా?"

"నానింది," అన్నాను.

మా ఆవిడ చేసినట్టు వేళ్ళతో నలిపి చూస్తే తెలిసిపోయేది. వంటింటి గడప తొక్కని మగాడికి నలపాలని ఎలా తెలుస్తుంది? సరిగ్గా దాన్నే నమ్ముకున్నాను, దుర్మార్గుణ్ణి. స్విచ్చి వెయ్యగానే గట్టి పప్పుకు పొత్రం బిగుసుకుంది. మోటారు కాలి గదంతా పొగ. పంతులుకు పాఠాలు చాలవా అని నవ్వి వ్యాపారి లేచిపోయాడు.

"నువ్వు చెప్పిందే నిజమన్నా," అన్నాడు వెంకటేశం. "మనతోని గాదు."

తల ఊపాను.

తర్వాత బావమరిది చక్కగా పటాలు గీశాడు. ఒక వాయికి ఎంత పప్పు పట్టాలి, రోలు ఎలా కడుగుతారు అని అడిగాడు. నాకేం తెలుసు? మిషన్ రానేలేదు. రాకపోతే పీడాపోయె. కానీ వెంకటేశం ఇప్పటికీ ఇంట్లో ఫ్యూజు పోయినా మనిషిని పిలిపిస్తాడు.

మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వాళ్ళ కూతురు రేడియో విప్పుకుని కూర్చుంది. అతను స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. "మనకు రాదు బిడ్డా. గా పెద్దనాయిననడుగు, కండ్లార చూసిండు." ఆ పిల్ల నా వంక చూసింది. నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను.

అతని మిషన్ మంచిదే. నేనే చెడగొట్టాను. ఈ రెండు ముక్కలు ఆ పిల్ల ముందు అనలేక ఇక్కడ రాశాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకు ఇంకా మండుతోంది.