ఫోన్‌లో ఊరిపెద్ద

మా ఆయన ఊరిపెద్ద. నవ్వకండి. ఆ ఊరు ఫోన్‌లో ఉంది. కోటగోడలు, బురుజులు, సైన్యం, అన్నీ ఉన్నాయి దానికి. ఇబ్రహీంపట్నం నుంచి మస్కట్ దాకా ఎక్కడెక్కడి మగవాళ్ళో ఆ ఆటలో చేరారు. వాళ్ళందరికీ ఈయన మాటే వేదం. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి, అక్కడ ఎవరి గోడ ఎక్కడ బలహీనంగా ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారు.

మాది పామర్రు దాటాక వచ్చే నేతవాళ్ళ వీధి. చీర పొడవునా వచ్చే నూలుని పడుగంటాం. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని తెల్లవారగానే వీధిలో చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వాలి. గంజి ఆరేలోపు దువ్వకపోతే పోగులు అతుక్కుపోతాయి. ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకే ఒకరి పడుగుకి ఒకరు వెళతారు. కూలీ ఉండదు, పిలుపూ ఉండదు. గుమ్మం ముందు పడుగు కనిపిస్తే వెళ్ళడమే. వెళ్ళనివాళ్ళ పడుగుకి ఎవరూ రారు. దాని గురించి పోట్లాటలు కూడా ఉండవు.

మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయనే వెళ్ళేవారు. ఆయన పోయాక మా ఆయన వంతు వచ్చింది. సరిగ్గా ఆ వేళకే ఫోన్‌లో యుద్ధాలు. "ఎదురింటివాళ్ళు పడుగు వేశారండీ" అంటే, "వస్తున్నా, ఒక్క ఎటాక్" అనేవారు. ఆ ఒక్కటీ అయ్యేసరికి వీధిలో పని ముగిసేది. పోనీ నేను వెళ్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. ఇంట్లో మగాడు ఉండగా కోడలు వెళ్తే పరువు తక్కువట. పరువు!

చివరికి మా పడుగు వీధిలోకి వచ్చింది. అత్తగారూ నేనూ ఇద్దరమే. గుమ్మాల్లో పళ్ళు తోముకుంటున్నవాళ్ళు కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

"ఏవండీ, గంజి ఆరిపోతోంది, రండీ!" అని అరిచాను.

అరుగు మీద కూర్చున్న మా ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "అంతమంది నన్ను నమ్ముకున్నారే. మధ్యలో వదిలేసి ఎలా వస్తా?"

నేనేమైనా దారినపోయేదాన్నా? ఎండెక్కింది. పోగులు అట్టకట్టాయి. వేళ్ళతో విడదీస్తుంటే పుటుక్కుమని తెగిపోతున్నాయి. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. అప్పుడే అరుగు మీంచి కేక వినిపించింది. "గెలిచాం!" మా పెళ్ళిలో కూడా ఆ ముఖం అంతగా వెలగలేదు. ఆయన్ని చూస్తే నాకు అసహ్యం వేసింది. అంతకంటే మెత్తటి మాట వెతికాను గానీ దొరకలేదు.

ఆ పడుగు చెత్తలోకి పోయాక అత్తగారు పరువు మాట ఎత్తలేదు. నేను ప్రతి ఇంటి పడుగుకీ వెళ్ళాను. మొదట్లో ఎవరూ పలకరించలేదు. ఒకరోజు పక్కింటి ముసలాయన తన కుంచె నా చేతికిచ్చి తప్పుకున్నారు. భుజాలు పడిపోయేలా దువ్వాను.

మళ్ళీ మా పడుగు వేసినరోజు వీధి వీధంతా వచ్చింది. ఎండ రాకముందే పని అయిపోయింది. పడుగు మీద చెయ్యివేసిన వాళ్ళకి ఆ ఇంటివాళ్ళు టీ ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని ఒక్కొక్కరికీ ఇస్తూ వచ్చాను. అరుగు మీద మా ఆయన ఫోన్ చూస్తూనే చెయ్యి చాచారు. నేను ఆ చేతిని దాటి ముందుకు వెళ్ళాను.

"అదేంటమ్మాయ్, మీ ఆయనకివ్వలేదే?" అన్నారు పక్కింటి ముసలాయన.

"ఆయనది ఈ ఊరు కాదు బాబాయిగారూ" అన్నాను.

అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.