మా జార్జికి అర్థం చెప్పిన బాబాయి

కువైట్‌లోని సల్వాలో ఒక కువైటీ ఇంట్లో తోటపని చేసే బాబాయి మొన్న గురువారం పోయారు. మొక్కలకు నీళ్లు పెడుతూ కాసేపు కూర్చున్నారట, మళ్లీ లేవలేదు. వార్త విని చాలా ఏడ్చాను. కానీ ఆయన గురించి చెప్పబోతే మాత్రం నాకు ఉత్సాహం ఆగదు. ఏమనుకోకండి, ఆయన నాకు చేసిన మేలు అలాంటిది.

సొంత బాబాయి కాదు, మా కోనసీమ మనిషి. శుక్రవారం సెలవు దొరికితే ఖైతాన్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చేవారు. గోళ్లలో మట్టి, జేబులో మొక్కలకు గుంట తీసే పాత చెంచా, సంచిలో అట్ట ఊడిన పేర్ల పుస్తకం. కొత్తవాళ్లు కనిపిస్తే ఊరు అడగరు, పేరుకు అర్థం అడుగుతారు. తెలియదంటే పుస్తకం బయటికి వచ్చేది.

మావాడు పుట్టినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. మాది మతాంతర పెళ్లి. పోయిన మా మామగారి పేరు జార్జి. తాత పేరు మనవడికి పెట్టాలని మా ఆయన పట్టు. మా నాన్న ఫోన్‌లో ఒకటే మాట: "ఆ దొరల పేరు పెడితే నాకు మనవడు లేనట్టే. ఇంక ఫోన్ చెయ్యకు." రెండు రోజుల్లో పాస్‌పోర్టు కాగితాలు ఇవ్వాలి.

బాబాయి టీ గ్లాసు పక్కన పెట్టి, "ముందు అర్థం, తరవాత అలక" అన్నారు. ఎవరికైనా ఆయన చెప్పే మాటే అది. పేజీలు తిప్పి తిప్పి, ఒకచోట వేలు పెట్టి లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఇది అసలు దొరలది కూడా కాదే. గ్రీకు నుంచి వచ్చింది. నేల అనే మాటా, పని అనే మాటా కలిపారు. నేల మీద పని చేసేవోడు, అంటే రైతు. రాజులు ఆనక పెట్టుకున్నారు. మీ నాన్న ఏం చేత్తారు?"

"కౌలు వ్యవసాయం, బాబాయ్."

"మరింకేం? యల్లా, కానీ, ఫోన్ కలుపు."

నేను స్పీకరు పెట్టి కలిపి ఇస్తే ఆయనే మాట్లాడారు. "అన్నగారూ, మీ మనవడికి రైతు అని పేరు పెడతన్నారండి, జార్జి అంటే అదే. తాతలిద్దరూ అందులోనే ఉన్నారు." అటునుంచి నాన్న, "ఏదీ, ఆ పేరు ఇంకోసారి చెప్పండి" అన్నాడు. బాలింతనన్న సంగతే మరిచి ఎగిరి గంతేశాను.

వాడికిప్పుడు మూడేళ్లు. బాబాయి పోయారని చెప్పడానికి నాన్నకు ఫోన్ చేశాను. విని నాన్న, "జార్జి ఏం చేస్తన్నాడమ్మా?" అన్నాడు.

బాల్కనీలోకి చూశాను. బాబాయి నూనె డబ్బాలో నాటి ఇచ్చిన వంగ మొక్క దగ్గర, మోచేతుల దాకా మట్టితో, ఆయన మరిచిపోయి వెళ్లిన చెంచాతో వాడు గుంట తీస్తున్నాడు.

"పొలంలో ఉన్నాడు నాన్నా" అన్నాను.